కలేపొదా, నీకొక దండం

కలేపొదా, నీకు పాదు తీసినవాళ్ళు లేరు. ఎరువు వేసినవాళ్ళు లేరు. కడివెడు నీళ్ళు మోసుకొచ్చి మొదట్లో కుమ్మరించినవాళ్ళూ లేరు. టేకల్ గుట్టల మీద బండమీద బండ ఎక్కి కూర్చున్న చోట, రెండు బండల నడుమ గాలి తెచ్చి పోసిన దోసెడు మన్ను దొరికితే చాలు, అదే నీ మడి, అదే నీ మాన్యం. కోలారు జిల్లాలో ఏడాదికి పడే వాన 700 మిల్లీమీటర్లకు కాస్త పైన. అదీ వేళకు పడితే. పడని ఏడు చెరువు నెర్రెలిస్తుంది, బోరు గాలి కక్కుతుంది, మామిడిపూత మాడి రాలుతుంది. నువ్వు ఆ ఏడు కూడా పూస్తావు, కాస్తావు. నీకొక దండం.

మధ్యాహ్నం పూట ఆ గుట్ట ఎక్కి చూడాలి. చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చిందంటే బండ మీద అరికాలు ఆనదు. బోదగడ్డి ఎండి తెల్లబడిపోయి ఉంటుంది. ఆ ఎండలో పచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉండేది నీ ఆకు ఒక్కటే. చిన్న ఆకు, దళసరి ఆకు, ఎదురెదురుగా జంటలు జంటలుగా పుట్టే ఆకు. నీళ్ళు ఎక్కువ ఆవిరైపోకుండా మైనపు పొర కప్పుకున్న ఆకు. దాని కింద నీడ మూరెడే. అయితే ఆ మూరెడు నీడలోనే బల్లి ఉంటుంది, కంజు పిట్ట ఉంటుంది, గద్ద కన్ను తప్పించుకొచ్చిన కుందేలు పిల్ల ఉంటుంది. ముళ్ళ కంచె లోపల ఎంతమంది సంసారాలు చేస్తున్నారో నీకే తెలియాలి.

మేము నిన్ను కలే అంటాం, నీ కాయను కలేకాయ అంటాం. పెన్నేటి దిగువన కడప వైపు వాళ్ళు కలివి అంటారు. మాలూరులో కన్నడం మాట్లాడేవాళ్ళు కవళె అంటారు. బంగారు గనుల నాటి నుంచి కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో, అదే కేజీఎఫ్‌లో, స్థిరపడిన తమిళులు కళాక్కాయ్ అంటారు. సంత రోజున ఒకే గంప దగ్గర ఈ పేర్లన్నీ వినపడతాయి, బేరం మాత్రం ఒకటే. కోస్తాలో వాక్కాయ అని పప్పులో వేసుకునేది నీ అక్కను. దాని కాయ పెద్దది, పులుపు ఎక్కువ, పెరళ్ళలోకి ఏనాడో దిగివచ్చింది. వృక్షశాస్త్రం వాళ్ళు అక్కను కారిస్సా కరండాస్ అనీ, నిన్ను కారిస్సా స్పైనారమ్ అనీ రాసుకున్నారు. స్పైనారమ్ అంటే ముళ్ళు గలది. ఇంతకంటే నిజం చెప్పిన శాస్త్రం లేదు, నిన్ను తెంపబోయిన ఏ చేతినైనా అడగమను.

నీ పుట్టింటి వాళ్ళెవరో చూస్తే నవ్వొస్తుంది. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు. అందరిదీ పాలు కారే వంశం. గన్నేరు ఆకు నమిలితే గుండె ఆగుతుంది. అట్లాంటి ఇంట పుట్టి, ఒంటినిండా అదే తెల్లటి పాలు పెట్టుకుని, పండు దగ్గరికి వచ్చేసరికి నువ్వు తీపి అయ్యావు. పచ్చికాయలో పాలు జిగురుగా ఉండి పెదవికి అంటుకుంటాయి. రుద్దిన కొద్దీ పాకుతాయి, నీళ్ళతో కడిగితే పోవు, కాస్త నూనె రాస్తేనే వదులుతాయి. పండు ముదిరే కొద్దీ ఆ పాలు తగ్గుతాయి. ఇంకా పండని నా జోలికి రావద్దని నువ్వు చెప్పే పద్ధతి అది.

దగ్గరికి వచ్చి చూస్తే నీ కొమ్మకు ఒక లెక్క ఉంది. కాస్త పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. చీలిన చోట రెండు ముళ్ళు నిలబడతాయి. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ చీలుతుంది, మళ్ళీ రెండు ముళ్ళు. ఏ కొమ్మ పట్టుకున్నా ఇదే లెక్క. లేత ముల్లు కొస ఎర్రగా ఉంటుంది, ముదిరితే కట్టెలా గట్టిపడి చెప్పు అడుగులోంచి కూడా దిగుతుంది. ఈ ముళ్ళ మధ్యన, చివరి చిగురు దగ్గర, గుత్తిగా పూస్తావు. ఐదు రేకుల తెల్లపువ్వు, రేకులు ఒకే వైపుకు మెలితిరిగి ఉంటాయి, కింద గొట్టం లేత గులాబి. మల్లె పక్కన పెడితే ఏది మల్లె వాసనో ఏది నీ వాసనో చెప్పడం కష్టం. అయినా నిన్ను జడలో తురుముకున్న ఆడపిల్ల లేదు, దేవుడి పటానికి దండ కట్టిన చేయి లేదు. తేనెటీగకు తప్ప నీ పూల సంగతి ఎవరికీ పట్టదు. అది నీకూ పట్టినట్టు లేదు.

పూత తర్వాత పచ్చటి పిందె. పిందె ముదిరి కాయ. కాయ మీద ఒక పక్క ఎరుపు పాకుతుంది, అది ముదురు ఎరుపు అవుతుంది, ఎరుపు ఊదా అవుతుంది, ఊదా నలుపవుతుంది. వేసవి ముగిసి తొలకరి ఇంకా మేఘాల్లో ఉన్నప్పుడు నీ ఒంటిమీద ఈ రంగులన్నీ ఒకేసారి ఉంటాయి. బఠాణీ గింజ కంటే కాస్త పెద్ద పండు, నున్నటి నల్లటి తోలు, లోపల ముదురెరుపు గుజ్జు, గుజ్జులో రెండో మూడో చప్పిడి గింజలు. తెంపేటప్పుడు లాగకూడదు. బొటనవేలూ చూపుడువేలూ ముళ్ళ జంట మధ్యకు పోనిచ్చి పండును కాస్త తిప్పాలి, పండినదైతే అదే చేతిలోకి వస్తుంది. రానిది పండలేదన్నమాట. లాగితే కొమ్మ వెనక్కి కొట్టి ముంజేతి మీద గీత గీస్తుంది. టేకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఆ నెలలో మేకలు తోలుకెళ్ళే పిల్లల ముంజేతులు చూస్తే చాలు, ఎవరు నేర్చుకున్నారో ఎవరు ఇంకా నేర్చుకోవాలో తెలిసిపోతుంది.

ఆ నెలలోనే గంపలు కిందికి దిగుతాయి. మోదుగాకు పరిచిన గంప, దాంట్లో పావు, పావుతో కొలిచి పోసే అవ్వ.

"ఏమవ్వా, పుల్లగుండాయా?"

"రాత్రి వానొచ్చిండ్లా నాయనా, రోంత పులుపుంటాది. ఎండకాసినంక రా, బెల్లమే."

ఇంతకన్నా నిజాయితీగా సరుకు అమ్మేవాళ్ళను నేను బెంగుళూరు మాల్‌లో చూడలేదు. వాన పడితే పండు నీరు పట్టి తీపి తగ్గుతుంది, రెండు రోజులు ఎండ కాస్తే మళ్ళీ తీపి కడుతుంది. ఈ సంగతి అవ్వకు పుస్తకం చెప్పలేదు, గుట్ట చెప్పింది.

కైవారం తాతయ్యగారి కథ మా వైపు అందరికీ తెలుసు. చింతామణి పక్కన కైవారంలో 1726లో పుట్టి, గాజులమ్ముకు బతికి, తర్వాత తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడుకున్న యోగి నారేయణ ఆయన. గురువు ఆయన నోట్లో ఒక గులకరాయి పెట్టి, ఇది కలకండ అయ్యేదాకా జపం చేయమన్నాడట. చేశాడట, రాయి కలకండ అయిందట. భజన మందిరాల్లో ఈ ముచ్చట చెప్పగానే ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని తలాడిస్తారు. నేను ఆ కథ విన్న ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. రాతిని నోట కరుచుకుని ఏళ్ళకేళ్ళు కూర్చుని, దాంట్లోంచి తీపి తీసినదానివి. నీకు గురువు ఎవరో తెలియదు, మంత్రం ఏమిటో తెలియదు. సాక్ష్యం మాత్రం ఏటేటా కొమ్మ చివర వేలాడుతుంటుంది.

వంటింట్లో నీ సంగతి చెప్పకపోతే నోరు ఊరుకోదు. పచ్చికాయను నిలువుగా చీల్చి గింజ తీసి ఉప్పునీళ్ళలో వేస్తే పాలు విరిగి వదులుతాయి. తర్వాత ఆరబెట్టి, కారం, ఆవపొడి, మెంతిపొడి, వేడిచేసి చల్లార్చిన నూనె. ఈ ఊరగాయ నంజుకుంటే రాగిముద్ద ఎన్ని ఉండలు దిగిందో లెక్క తెలియదు. పచ్చిమిరపకాయతో రోట్లో కచ్చాపచ్చాగా నూరితే అది ఇంకో దారి. కోస్తా వాళ్ళు నీ అక్కతో పప్పు చేస్తారు, పులిహోర కలుపుతారు, చింతపండు అయిపోయిన నెలల్లో ఆ పులుపుతోనే సంసారం నడిపేస్తారు. గుజ్జులో పెక్టిన్ ఎక్కువ గనుక జామ్, జెల్లీ తేలిగ్గా గడ్డకడతాయి. ఇంకొక రహస్యం కూడా చెప్పేస్తాను. మన బేకరీల్లో కేకు మీద, బన్ను మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు. గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు వేసిన వాక్కాయ. పుట్టినరోజు పిల్ల ముందుగా నోట్లో వేసుకునేది మీ ఇంటి పండునే, పేరు మాత్రం పరదేశానిది.

పరదేశం అంటే గుర్తొచ్చింది. టేకల్‌లో ప్యాసింజరు ఎక్కితే తెల్లారేసరికి కూలికీ ఉద్యోగానికీ బెంగుళూరు చేరుకునే జనం మా వైపు వేలల్లో ఉంటారు. ఆ ఊరి పెద్ద అంగళ్ళలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీలిరంగు పండ్లు, పెరూ నుంచి ఓడలోనో విమానంలోనో వచ్చినవి, 125 గ్రాములకు వందల రూపాయలు పెట్టి కొంటున్నారు. బ్లూబెర్రీ. దానిమీద నాకు కోపం లేదు. దాని కథ తెలిశాక గౌరవం కూడా కలిగింది.

అదీ ఒకనాడు నీలాంటి అడవిపొదే. అమెరికాలో తూర్పు తీరపు చిత్తడి నేలల్లో దానంతట అది పెరిగేది, జనం ఏరుకుని తినేవాళ్ళు, తోటలో నాటితే చచ్చిపోయేది. మంచి నేలలో, మంచి ఎరువులో పెట్టినా ఎందుకు చస్తున్నదో ఎవరికీ అంతుబట్టలేదు. ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త ఏళ్ళు కూర్చుని కారణం కనిపెట్టి 1910లో అచ్చువేశాడు. ఆ మొక్కకు పుల్లటి నేల కావాలి. మంచి నేల అని మనం అనుకునేదే దానికి విషం. దాని వేళ్ళకు నూగు లేదు, ఒక జాతి బూజు వేరుతో కలిసి ఉంటేనే దానికి తిండి అందుతుంది. ఆ పుస్తకం చదివి న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనే చోట క్రాన్‌బెర్రీ తోటలున్న ఎలిజబెత్ వైట్ 1911లో ఆయనకు ఉత్తరం రాసింది. నా నేల ఇస్తాను, మీ పని ఇక్కడ చేయండి అంది. అంతటితో ఊరుకోలేదు. అడవిలో పండ్లు ఏరుకునే ఊరివాళ్ళకు 16 మిల్లీమీటర్ల మేర రంధ్రం ఉన్న కొలతబిళ్ళ ఇచ్చి, ఈ రంధ్రంలో పట్టనంత పెద్దపండు కాసే పొద చూపిస్తే డబ్బిస్తానంది. పొదను చూపించినవాడి పేరే పొదకు పెట్టింది. రూబ్ లీక్ అనే అతను చూపిన పొద రూబెల్ అయింది, ఇవాళ్టికీ తోటల్లో ఉంది. 1916లో మొదటి పంట బజారుకు పోయింది. ఈ రోజు ప్రపంచమంతా డబ్బాల్లో తిరుగుతున్నది ఆ పొదల సంతానమే.

కలేపొదా, ఈ కథలో నన్ను పట్టుకున్నది శాస్త్రం కూడా కాదు. అడవి తిరిగే కూలివాడికి ఏ పొద మంచిదో తెలుసు, వాడిని అడగాలి అని ఒకామెకు తోచడం. టేకల్ గుట్ట మీద ఏ బండ పక్కన పొద తియ్యగా కాస్తుందో గంప దించిన అవ్వకు తెలుసు. మేకలు కాసే పిల్లాడికి తెలుసు. వాళ్ళ దగ్గరికి కొలతబిళ్ళ పట్టుకుని వచ్చినవాళ్ళు లేరు. నీ అక్క వాక్కాయకు ఆ భాగ్యం కొంత పట్టింది. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పంత్ మనోహర్, పంత్ సువర్ణ, పంత్ సుదర్శన్ అని రకాలు తీశారు, దాపోలిలో కొంకణ్ బోల్డ్ తీశారు. నువ్వు బండల మీదే ఉండిపోయావు.

ఇక ఆ బ్లూబెర్రీని కోలారు నేలలో నాటబోతే ఏమవుతుందో చెప్పనా? దానికి నేల పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్యన ఉండాలి. మన ఎర్రనేల అంత పులుపు మోయదు. పైనుంచి వెయ్యి అడుగులు దాటిన బోరునీళ్ళు, సున్నమూ ఫ్లోరైడూ నిండినవి, పోసిన ప్రతిసారీ నేలను క్షారం వైపు లాగుతాయి. కాబట్టి కుండీ కొనాలి, కొబ్బరిపొట్టు నింపాలి, నీళ్ళలో ఆమ్లం కలపాలి, డ్రిప్ వేయాలి, పైన వల కట్టాలి. ఈ మధ్య అట్లా పెంచే రైతులు బయలుదేరారు, వాళ్ళ ఓపికకు నమస్కారం. నీకైతే ఇవేవీ అక్కర్లేదు. గట్టి నేలైనా, గరపనేలైనా, చౌడు కాస్త తగిలినా నీది ఒకటే సమాధానం. నీళ్ళు నిలిచే చోటు ఒక్కటే నీకు పడదు.

నువ్వు ఈ గుట్టల దానివే అనుకుని మేము మురిసిపోతుంటాం గానీ నీ చుట్టరికం చాలా పెద్దది. ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా, మన దేశం మీదుగా, ఆస్ట్రేలియా దాకా నీ ఒక్క జాతే పరుచుకుని ఉంది. కెన్యాలో మసాయి పశువుల కాపరులు నీ వేరును మాంసపు చారులో వేసి కాచుకుంటారు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆదివాసులు ఎండిన నీ పండ్లను పొద కింద నుంచే ఏరుకుని నానబెట్టుకు తింటారు. వాళ్ళకీ మాకూ మాట కలవదు, ముఖం కలవదు. ముంజేతి మీద గీతలు మాత్రం ఒకటే.

ఇంత దూరం ఎందుకు, నందికొండ మీద పుట్టిన పెన్న వెంబడి కిందికి పోతే చాలు. నందికొండ 2007 దాకా మన కోలారు జిల్లాలోదే. అక్కడ పుట్టిన ఉత్తర పినాకిని అనంతపురం దాటి కడపలో పారే దారిలో, లంకమల అడవి కింద, నీ పొదల నీడన ఒక పిట్ట ఉంటుంది. రాత్రుళ్ళు నేలమీద పరిగెత్తే పిట్ట. నీ పొదల్లో తిరుగుతుంది గనుక ఊరివాళ్ళు కలివికోడి అన్నారు. థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడి ద్వారా 1848లో అది లోకానికి తెలిసింది. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు, అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు చూసి నిర్ఘాంతపోయారు. చూశావా, ఇక్కడ కూడా పండితులకు దొరకనిది అడవి తిరిగేవాడికే దొరికింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఒక కాలువను పక్కకు జరిపిన ముళ్ళపొద ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలిసి లేదు.

ఇక్కడ నీకు అంత గౌరవం దక్కలేదు. ఉన్నమాట చెప్పాలి. టేకల్ దాటితే బంగారుపేట, అక్కడ చీలిన లైను మారికుప్పం దాకా పోతుంది. ఆ చివర బంగారం కోసం మనుషులు భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగారు, 2001లో గనులు మూతపడ్డాయి, సైనైడ్ దిబ్బలు మిగిలాయి, గాలి లేస్తే తెల్లటి పొడి ఊళ్ళ మీద పడుతుంది. ఇవతల మాలూరు వైపు బీళ్ళలో, గట్లలో, నీ పొదలు కొట్టేసి నీలగిరి తోపులు పెట్టారు. నిటారుగా పెరిగింది, కొట్టి అమ్మితే డబ్బొచ్చింది, ఇటుక బట్టీలకు, పెంకుల కొలుములకు కట్టె అయింది. దాని కింద గడ్డి మొలవలేదు, పిట్ట వాలలేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం ఇకమీదట నీలగిరి నాటవద్దని ఆదేశం ఇచ్చేసరికి బావుల అడుగు ఎప్పుడో కనిపించింది. ఇప్పుడు గుట్టలకే గండం వచ్చింది. రాతి క్వారీ ఒక గుట్టను పట్టుకుంటే ముందు పోయేది నువ్వు. నీ మీద ఎవరూ పరిహారం అడగరు, నీ పేరు ఏ పహణీలోనూ ఉండదు.

కాబట్టి గుట్ట మీది నుంచి నిన్ను పొలం గట్టుకు దించాలి. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు, తొందర ఒక్కటే కావాలి. నీ గింజకు ఓపిక తక్కువ. పండులోంచి తీసిన గింజ ఎండి డబ్బాలో కూర్చుంటే వారాల్లోనే ప్రాణం పోగొట్టుకుంటుంది, వచ్చే ఏడు విత్తుదామని దాచుకున్నవాడికి ఏమీ మొలవదు. బాగా నల్లబడిన పండ్లు పిసికి, గింజలను బూడిదలో రుద్ది జిగురు వదిలించి, కడిగి, నీడన ఒకపూట ఆరబెట్టి, ఆ వారంలోనే విత్తాలి. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పశువులెరువు కలిపిన సంచిలో గింజ మందమంత లోతు చాలు. తడి ఆరకుండా, నీళ్ళు నిలవకుండా చూసుకుంటే నెల తిరిగేలోపు మొలక లేస్తుంది. ఆపైన చాలా నిదానం. మొదటి ఏడాది జానెడు దాటదు. విసుగొచ్చి పారేయకండి, అది పైకి పెరగడానికి ముందు కిందికి పెరుగుతోంది.

ఏడాది పైబడిన మొక్కను తొలకరిలో నాటుకోవాలి. అడుగు లోతు గుంత, బుట్టెడు ఎరువు. దడి కావాలంటే రెండడుగులకు ఒకటి, కాయ కావాలంటే ఏడెనిమిది అడుగుల ఎడం. నీడలో పెడితే ఆకు వస్తుంది, పండు రాదు, ఎండ నిండా తగలాలి. మొదటి వేసవి మాత్రం వారానికో బిందె పోయాలి, అంతే, తర్వాత మీ ఇష్టం. లేత చిగురు మేక కొరుకుతుంది గనుక రెండేళ్ళు ఏదైనా కంప అడ్డం పెట్టాలి, ఆ తర్వాత అదే అందరికీ అడ్డం. మూడో ఏటో నాలుగో ఏటో మొదటి గుత్తి కనిపిస్తుంది. కాయ దిగిపోయాక కొమ్మల కొసలు కాస్త కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి, పూత వచ్చేది ఆ చిగుళ్ళ చివరే. మీది మీదిగా గుండు గీసినట్టు ప్రతినెలా కత్తిరించే దడికి పండ్లు ఉండవు, ఈ సంగతి దడి పెట్టి కాయలేదని తిట్టుకునేవాళ్ళకు చెప్పాలి.

గింజ నుంచి వచ్చిన మొక్క తల్లి పోలికే అవుతుందన్న హామీ లేదు. తియ్యటి పొద తియ్యదనమే మీ గట్టు మీదికి రావాలంటే అంటు కట్టాలి. నీ కొమ్మలు నేలకు వాలి ఉంటాయి గనుక నేల అంటు తేలిక. వానాకాలం మొదట్లో పెన్సిలు మందపు కొమ్మ ఒకటి ఎంచుకుని, అంగుళం మేర తోలు తీసి, కారిన పాలు తుడిచి, వీలైతే వేరుపొడి అద్ది, వంచి మన్నులో పూడ్చి, పైన రాయి పెట్టాలి. టేకల్‌లో రాయికి కొదవా? రెండు మూడు నెలలకు వేరు పడుతుంది, అప్పుడు తల్లి నుంచి కోసి సంచిలోకి మార్చుకోవడమే. నీ వేరు నుంచి లేచే పిలకలను మన్నుతో సహా తీసినా పని జరుగుతుంది. పొదను మాత్రం మొదలంటా పెకలించకూడదు. అది గుట్ట సొత్తు, పిట్టల సొత్తు. పికిలిపిట్ట తిని రెట్ట వేసిన చోటల్లా నిన్ను నాటుతూ పోతోంది, ఏ నర్సరీ చేయనంత పని జీతం లేకుండా చేస్తోంది.

మాలూరు, బంగారుపేట, శ్రీనివాసపురం రైతులకూ, బడుల పంతుళ్ళకూ ఒక మాట. జ్యేష్ఠంలో గంప దించిన అవ్వ దగ్గర పావు కలేపండ్లు కొనండి, బేరం ఆడకండి. తిన్నాక గింజలు ఉమ్మేయకండి. ఏ గుట్ట మీద, ఏ బండ పక్కన, ఏ పొదవి ఈ పండ్లు అని అవ్వను అడగండి, ఆమెతోనే గుట్ట ఎక్కి ఆ పొద చూసి రండి, ఆమె పేరే ఆ పొదకు పెట్టండి. బడి చుట్టూ ఇనుపముళ్ళ తీగ లాగడానికి పెట్టే ఖర్చులో పదో వంతు పెడితే కలేదడి లేస్తుంది, తీగ తుప్పు పట్టే నాటికి దడి కాయడం మొదలుపెడుతుంది. చెరువుకట్ట వెలుపలి వాలు మీద, మామిడితోట హద్దుల మీద, నీలగిరి కొట్టేసిన బీట్లో మొదటి వరసగా పెట్టండి. గింజ విత్తడానికి పండు చేతికి వచ్చిన తర్వాత ఒక్క వారమే గడువు.